తుపాకి పెరుమాళ్సామి

పెరుమాళ్సామి తన జన్మలో గెలిచింది ఒకే ఒక్క తగవు. దాన్ని అతని వదిన సుబ్బులక్ష్మి కళ్ళారా చూసింది. గాలిమరల కంపెనీ లారీ ఒకటి కయత్తారు రోడ్డు దిగి, పూతమీదున్న వాళ్ళ పత్తిచేలో అడ్డంగా పోబోయింది. ఆడవాళ్ళు చక్రాల ముందు కూర్చుని అరిచినా డ్రైవరు హారన్ ఆపలేదు. పెరుమాళ్సామి పక్కనే ఉన్న ఇంట్లోకి పరిగెత్తి, తండ్రి నాటి తుపాకి పట్టుకొచ్చాడు.

"ఇంక ఒక్క చక్రం తిరిగెనా, కాల్చేస్తా చూడండ్రా!"

తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవంటారు. ఆ కుందేళ్ళు బెదిరాయి. లారీ వెనక్కి పోయింది. కంపెనీ మేస్త్రి పోలీసులకు ఒక పిటిషన్ పడేసి ఊరుకున్నాడు.

ఆ రోజు మొదలు పెరుమాళ్సామికి పట్టపగ్గాలు లేవు. మీసం పెంచాడు. పిలిచిన పెళ్ళికీ, పిలవని చావుకూ తుపాకి భుజాన వేసుకునే పోయేవాడు. అరుప్పుకోట్టైలో పిల్లను చూడబోయి, చాపమీద తాను కూర్చోకముందే తుపాకిని పడుకోబెట్టాడట. 'తుపాకి మావ' అని పిలిస్తే పొంగిపోయేవాడు. ఎరువు మొయ్యడం, కలుపు తీయించడం మాత్రం మగడు పోయిన వదిన వంతు.

ఆ తుపాకి బండారం సుబ్బులక్ష్మికి తెలుసు. ఏటా ఆయుధపూజకు దాన్ని తుడిచి బొట్టు పెట్టేది ఆమే. గొట్టంలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టి ఎన్నేళ్ళో అయింది. చీపురుపుల్ల దూర్చినా సగంలో ఆగిపోతుంది. వెనక కొట్టే సుత్తి మామగారి కాలంలోనే విరిగింది. ఆ చోట పెరుమాళ్సామి తలుపు గొళ్ళెం ముక్కను తీగతో కట్టి నల్లరంగు పూశాడు.

ఇట్లుండగా పట్నంలో పోలీసులకు తుపాకి నేరగాళ్ళను పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనిపెట్టారు. లైసెన్సులు, పాత పిటిషన్లు మేత వేస్తే, ఎవడు కాల్చి ఉంటాడో పేర్లు కక్కుతుందట. చదువుకున్నవాళ్ళే కొన్నారు, చదువుకున్నవాళ్ళే దానికి పూలదండ వేశారు. విరుదునగర్ దారిలో ఒక పత్తి వ్యాపారి కాలికి ఎవడో గుండు తగిలించి పారిపోతే, ఆ యంత్రాన్ని అడిగారు. అది మేస్త్రి పాత పిటిషన్ నమిలి, పెరుమాళ్సామి పేరు అందరికంటె పైన పెట్టింది. గొట్టంలోకి తొంగిచూసే కన్ను దానికి ఎవరూ కొనిపెట్టలేదు మరి!

పోలీసు వచ్చి, పొద్దున తుపాకితో స్టేషనుకు రమ్మన్నాడు. మరొకడైతే వణికేవాడు. ఈయన టీ అంగడి ముందు మీసం దువ్వాడు.

"చూసినారా? ఇంత జిల్లాలో మిషను ఎవరి పేరు చెప్పె? నా పేరే! మగోడెవరో దానికి తెలుసురా!"

"అయితే నువ్వే కాల్చినావా మావా?" అన్నాడు పక్కింటి తంగసామి.

లేదనడానికి నోరు తిరిగితేనా! "కాల్చినోడు చెప్పుకుంటాడంట్రా?" అని నవ్వాడు.

పోలీసు ఇంకా అక్కడే టీ తాగుతున్నాడు. "నవ్వు నవ్వు. రేపు లోపల కూర్చుని నవ్వుదువుగాని" అని అరవంలో అనేసి బండెక్కాడు.

అప్పుడు దిగింది మత్తు. పెరుమాళ్సామి ఇంటికొచ్చి, కొట్టంలో పేడ తీస్తున్న వదిన ముందు చతికిలబడ్డాడు.

"ఒదినా, నన్ను లోపలేస్తారంట."

"ఏయరా మరి? మగోడివని మిషనే చెప్పె గదా."

"నగవొద్దు ఒదినా. అది పేలదని నీకు తెల్దా?"

"నాకు తెలుసు. ఆ మాట నువ్వే చెప్పు. టీ అంగట్లో నోరు బాగానే లేచె గదా!"

"ఎట్ల చెప్పేది? పొద్దున ఊరంతా వ్యానెక్కి నా ఎనకాలే వస్తారంట. వాళ్ళ ముందర ఇన్స్‌పెక్టరు గొట్టం వంచి, మట్టి రాలెనా... ఇంక నేను ఏ మొగం పెట్టుకుని తిరిగేది?"

జైలుకంటె మట్టికే ఎక్కువ భయపడుతున్నాడు. వీడి కోసమా ఇన్నేళ్ళు సంగటి కెలికింది అనుకుంటూ సుబ్బులక్ష్మి పేడతట్ట దించింది.

"సరే, నన్నేం చెయ్యమంటావు?"

"పొద్దున మొదటి బస్సుకు నువ్వు ముందర పో ఒదినా. ఇన్స్‌పెక్టరయ్య చెవిలో సంగతి చెప్పు. తుపాకిని వాకిట్లో ఇప్పి చూడొద్దు, ఎనక రూములో పెట్టి చూసుకోమను." మీసం కిందికి వాలిపోయింది. "చూసినాక, ఆ గొళ్ళెం ముక్కను మాత్రం మళ్ళా ఎట్లుండేదో అట్లే కట్టి ఇమ్మను."