మేనమామ ఒడి

కర్నూలులో పిల్లల క్యాన్సర్ వార్డులో తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం నా పని. అక్కడ నాకు రోగం కంటే చుట్టాలంటేనే ఎక్కువ భయం. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టుతో వస్తారు, తల్లి గుండెల్లో నిప్పులు పోసి పోతారు.

నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక జంటకు రెండేళ్ల పాప. రక్త క్యాన్సర్. జబ్బు మందులకు బాగానే లొంగుతోందని డాక్టరు చెప్పిన వారంలోనే పాపకు జుట్టు రాలడం మొదలైంది. అవి ఇంకా తీయించని పుట్టువెంట్రుకలు. మంత్రాలయంలో ఇస్తామని మొక్కుకున్నారు. తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాలి. ఆ మేనమామ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. పెళ్లిలో మగపెళ్లివాళ్లు తనను చిన్నచూపు చూశారని అలిగి, అప్పటినుంచి చెల్లెలి గడప తొక్కలేదు. మొక్కు అలాగే ఉండిపోయింది.

పాప నాయనమ్మ వచ్చి, దిండు మీది వెంట్రుకలు చూసి కోడలి మీద పడింది.

"దేవుని సొత్తు ఈడ రాలిపోతాండాది. అందుకే బిడ్డకు ఈ గతి పట్టె. నీ అన్నను పిలుచుకోలేకపోతివి!"

"జుట్టు మళ్లీ వస్తుంది అవ్వా. మందులు అయిపోయినాక అదే ఇయ్యండి. ఇప్పుడు జనంలోకి తీసుకుపోతే, చిన్న జ్వరమొచ్చినా బిడ్డ తట్టుకోలేదు" అన్నాను.

"రెండోసారి వచ్చినవి పుట్టెంటికలు ఎట్లయితాయమ్మా?"

ఆమెతో వాదన గోడకు తల బాదుకోవడమే. పాప తండ్రికి డాక్టరు చేత చెప్పించాను. అన్నిటికీ తలూపాడు. పాప తల్లిని పక్కకు పిలిచి, నువ్వయినా గట్టిగా నిలబడు అన్నాను.

"నేను పోనంటే, రేపు బిడ్డకేమన్నా అయితే నావల్లే అంటారక్కా" అంది.

మరునాడు పొద్దున్నే మంచం ఖాళీ. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండానే వచ్చారు. గంధం పూసిన బోడితల, కాలిపోతున్న ఒళ్లు. అలక తీరిన మేనమామే ఎత్తుకొచ్చాడు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. సాయంత్రానికి పాప పోయింది.

"మొక్కు తీర్చుకొనే పాయ నా తల్లి" అని నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. నేను ఆటో మాట్లాడటానికి బయటికి పోయాను.

ఊరికి పోయే ఆటో ఎక్కాక, మేనమామ బిడ్డను తల్లికి అందించబోయాడు. ఆమె చేతులు చాపలేదు.

"నీ ఒళ్లోనే ఉండనీ అన్నా. దానికోసరమే గదా అందరూ ఎదురుచూసిరి."