చప్టా మీద తెగిన కాల్

2024 వానాకాలం. నరసరావుపేటలో ఒక చిన్న గదిలో కూర్చుని, వరద చూసిన ఊళ్ల బడిపిల్లలతో ఫోన్లో మాట్లాడటం నా ఉద్యోగం. దీన్ని టెలి కౌన్సెలింగ్ అంటారు. మనిషి ఎదురుగా ఉండరు, గొంతే ఆధారం.

కారంపూడి దగ్గరి ఊరి నుంచి పదో తరగతి మల్లీశ్వరి కేసు వచ్చింది. బడికెళ్లే ఆటో వాగు మీది చప్టాపై నీళ్లలో చిక్కుకుంటే ఊరివాళ్లు పిల్లల్ని బయటికి లాగారు. అందరూ బతికారు. వాగు తగ్గినా ఈ పిల్ల మాత్రం మళ్లీ చప్టా ఎక్కలేదు. బడికి వేరే దారి లేదు. చదువు మాన్పించి మిరప చేలో కూలికి పంపుదామని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు.

మూడు వారాలు మాట్లాడాను. ఏమడిగినా "బాగానే ఉన్నా మేడం" అనేది. ఒకరోజు గొంతు తగ్గించి, "నీ మనసులో ఉన్నది నాకొక్కదానికే చెప్పు తల్లీ" అన్నాను.

వెంటనే వాళ్ల నాన్న గొంతు: "చెప్పవే, మేడం అడుగుతుంది గదా!" వెనక ఇంకెవరో దగ్గారు.

స్పీకర్! మావైపు ఫోన్ మోగితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాల్సిందే, మా ఇంట్లోనూ అంతే. అది తెలిసి కూడా మూడు వారాలు ఇల్లంతటికీ కౌన్సెలింగ్ చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదుకున్నది వాళ్ల నాయనమ్మ. "ఏందిరా ఈ జాతర? లేవండి అందరూ. పిల్లకి చానా మాటలుంటయ్" అని కసిరి, మనవరాలిని డాబా మీదికి పంపి, మెట్ల దగ్గర తనే కాపలా కూర్చుంది. ఆరోజు మల్లీశ్వరి వెక్కివెక్కి ఏడ్చింది. "నీళ్ల చప్పుడు చెవుల్లోంచి పోవట్లా మేడం" అంది.

అప్పుడు గ్రౌండింగ్ నేర్పాను. భయమేసినప్పుడు కంటికి కనపడేవాటి పేర్లు పైకి చెప్పుకుంటే మనసు ఉన్నచోటికి తిరిగొస్తుంది. పది రోజులు డాబా మీదే సాధన చేసింది. ఒక ఉదయం నాకు ఫోన్ చేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నాయనమ్మను వెంటబెట్టుకుని చప్టా ఎక్కింది.

"రాయి... కొంగ... నాయనమ్మ చెప్పులు..."

సిగ్నల్ పోయింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పావుగంటకు తనే చేసింది, బడి గేటు దగ్గర్నుంచి.

"మధ్యలో కట్టయింది తల్లీ, భయపడ్డావా?"

"తెలిసింది మేడం. ఆగితే భయమేస్తదని మీరున్నట్టే చెప్పుకుంటా వచ్చేశా. పేర్లు అయిపోతే, మళ్లీ కొంగ అనవే అంది నాయనమ్మ."

నవ్వాను, ఏడ్చాను కూడా. అంత గట్టి పిల్లను నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఏ బిడ్డ ఫోనెత్తినా ముందు స్పీకర్ ఆపమంటాను. ఆ తర్వాత నేర్పేదంతా, నా కాల్ తెగిన చోట ఆ బిడ్డ ఆగిపోకుండా ఉండటానికే.