రెండోసారి అడిగే లైను

వెంగ్ పేయ్-చున్ ఇరవై రెండేళ్లుగా తైవాన్‌లోని షిన్‌చూలో నెట్‌వర్క్ కార్డులకి డ్రైవర్లు, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేరు, రాస్తోంది. చిప్ ఒకసారి తయారైపోయాక దాని వంకర ఎవడూ సరిచెయ్యలేడు, సాఫ్ట్‌వేరే సర్దుకుపోవాలి. చాకిరీ వీళ్లది, పేరు చిప్‌వాళ్లది!

ఆ మధ్యాహ్నం ఆమెకి ముచ్చెమటలు పడుతున్నాయి. మూడింటికి కొనేవాళ్లు వస్తారు. నిద్రపుచ్చిన కంప్యూటరు లేవగానే కార్డు పనిచెయ్యాలి. చెయ్యకపోతే ఆర్డరు పోతుంది, ఆమె కిందున్న ఐదుగురి ఉద్యోగాలూ పోతాయి. డైరెక్టరు రువాన్ ఆ మాట మొహం మీదే చెప్పాడు. పదిసార్లు లేపితే మూడుసార్లు కార్డు ఉలకదు, పలకదు. టైము ఒకటిన్నర.

"అక్కా, పాత డ్రైవర్లో ఒక లైను ఉండేది," అన్నాడు పక్క సీటు లియావ్. "లేవగానే చిప్‌ని 'సిద్ధమా?' అని రెండుసార్లు అడిగేది. పోయిన వారం నువ్వే పీకేశావ్."

"ఒకే ప్రశ్న రెండుసార్లా? ఏ తలకాయ లేనివాడు రాశాడో అనుకున్నా."

"రాసిందీ నువ్వే. పదహారేళ్ల కిందట."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. నిద్ర లేచాక ఆ చిప్ మొదటి జవాబు అబద్ధం. ఆ చిప్‌ని డిజైను చేసింది రువానే. "లైను పైన కారణం రాయకమ్మా, కంపెనీ పెద్దాయన ముందు నా పరువు పోతుంది," అని ఆనాడు బతిమాలాడు. పోనీలే పాపం అని రాయలేదు. కొత్త చిప్‌లోనూ ఆ లోపమున్న భాగమే అలాగే దిగింది.

లైను మళ్లీ పెట్టింది. నలభైసార్లు లేపితే నలభైసార్లూ పలికింది. దాని పైన ఈసారి ఇలా రాసింది: "చిప్‌లో లోపం ఉంది. మొదటి జవాబు నమ్మకండి."

వెనక రువాన్ నిలబడి ఉన్నాడు. "లోపం అన్న మాట తీసెయ్. కొనేవాళ్లు ఈ కోడు చదువుతారు."

"చదవనీండి సార్. అప్పుడు మీ పరువు చూశాను, కారణం రాయకపోబట్టే ఆ లైను నేనే పీకేశాను. ఇవాళ ఈ ఐదుగురి కూడు నా చేతిలో ఉంది."

ఆ మాట అలాగే ఉంచి ఫైలు సేవ్ చేసింది. రువాన్ పళ్లు నూరుతూ వెళ్లిపోయాడు.

మూడింటికి వచ్చినవాళ్లలో ఒకామె కోడు చదువుతూ ఆ లైను దగ్గర ఆగింది. "ఎవరిదీ లోపం?"

పేయ్-చున్ నోరు తెరిచేలోగా రువాన్ లేచాడు.

"నాది. పదహారేళ్లుగా ఈవిడ మోస్తోంది."

కార్డుని లేపి చూసుకున్న ఆ కొనే ఆమె తలూపి, ఆర్డరు మీద సంతకం పెట్టింది. పేయ్-చున్ బాత్రూములోకెళ్లి, కుళాయి తిప్పి, తనివితీరా ఏడ్చింది.