గురువారం సీరియల్‌పై నా అభిప్రాయం

బాపట్లలో ఒక మిషన్ బాలికల హైస్కూల్లో నేను సోషల్ టీచరుగా చేరిన మూడో ఏడు అది. తొంభైల మొదటి రోజులు. మా హాస్టల్లో ఉండే ఆడపిల్లల్లో ఎక్కువమంది పిట్టలవానిపాలెం, భట్టిప్రోలు వైపు కూలి పనులకు వెళ్లేవాళ్ల పిల్లలు. భోజనాల హాల్లో ఒక టీవీ ఉండేది. గురువారం సాయంత్రం ఏడున్నరకు ఒక రాజకీయ సీరియల్ వచ్చేది. ఆ రోజు తొమ్మిది, పదో తరగతి పిల్లలు గబగబా అన్నాలు తిని, బల్లలు పక్కకు జరిపి, నేల మీద వరసగా కూర్చునేవాళ్లు.

అందులో ఒక పెద్ద నాయకుడు, ఆయన కొడుకు, వాళ్ల మీద పోటీకి నిలబడ్డ ఒక లాయరు ఉంటారు. ఒక వారం నాయకుడి మనుషులు లాయరు దగ్గరి గుమాస్తాను చంపి కాలవలో పడేసినట్టు చూపించారు. నాలుగు రోజులకల్లా ఒక పాస్టరుగారి దగ్గర్నుంచి మా హెడ్‌మిస్ట్రెస్‌కు ఉత్తరం వచ్చింది. ఆయన కూతురు మా దగ్గర పదో తరగతి. ఇలాంటివి చూపించడానికా మా పిల్లల్ని మీ చేతుల్లో పెట్టింది అని రాశారాయన.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించి ఉత్తరం చేతికిచ్చారు. ఆ సీరియల్ ఆ వయసు పిల్లలు చూడదగిందో కాదో నన్నే చూసి, ఒక పేజీలో అభిప్రాయం రాసివ్వమన్నారు. దసరా సెలవులయ్యాక నిర్ణయం తీసుకుందామన్నారు.

నేను లోలోపల పొంగిపోయాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఒక నోటు పుస్తకం కొని, గళ్లు గీసి, మూడు వారాల పాటు వార్డెను పక్కన పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఎవరు ఎవర్ని కొట్టారు, ఎక్కడ సారా తాగారు, ఏ మాట పిల్లలు వినకూడనిది, అన్నీ రాసుకున్నాను. సెలవులకు తెనాలి బయల్దేరేనాటికి అభిప్రాయం దాదాపు తయారైపోయింది. ఈ సీరియల్ పిల్లలకు తగదు, దీన్ని చూస్తే వాళ్లకు పెద్దల మీద నమ్మకం పోతుంది అని.

అంత ధీమాగా తేల్చడం నాకు మా నాన్న దగ్గర అబ్బింది. నాన్న జిల్లా పరిషత్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు తెనాలిలో ఏ కొత్త సినిమా వచ్చినా ముందు ఆయన ఒక్కరే మ్యాట్నీకి వెళ్లి చూసొచ్చేవారు. మేం చూడదగిందయితే ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక తీసుకెళ్లేవారు. కాదంటే కాదంతే. అరుగు మీద ఆయన చెప్పే తీర్పు కోసం నేనూ అన్నయ్యా ఎదురుచూసేవాళ్లం. ఒకసారి ఆయన స్కూల్లోనే నేను పక్కమ్మాయి పలకలో చూసి లెక్క రాశానని, అందరిముందూ నిలబెట్టి ఆ లెక్కకు సున్నా వేశారు. ఆయన కూతుర్నని చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ గర్వంగానే ఉండేది.

సెలవుల్లో మొదటి గురువారం సాయంత్రం చెక్క తలుపుల టీవీ పెట్టె తెరిచి, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా పని సంగతి విని నాన్న కూడా వచ్చి పడక కుర్చీలో కూర్చున్నారు. అమ్మ వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

ఆ వారం సీరియల్లో పోలింగు. నాయకుడి మనుషులు తలుపులు బద్దలు కొట్టుకుని బూత్‌లోకి వచ్చారు. ప్రిసైడింగ్ ఆఫీసరు మెడ మీద కత్తి పెట్టారు. ఆయన బ్యాలెట్ పేపర్లను గుండెలకు హత్తుకుని, నా ప్రాణం పోయినా ఇవ్వనని అరిచాడు. ఆయన్ని కొట్టి పడేశారు. నేను గబగబా రాసుకుంటున్నాను.

నాన్న చిన్నగా అన్నారు. "ఇట్టా జరగదమ్మా."

నేను రాయడం ఆపకుండానే, ఎట్టా జరుగుద్ది నాన్నా అన్నాను.

"కత్తి ఎవరూ చూపించరు. టిఫిన్ పెడతారు."

నేను తలెత్తాను. ఆయన టీవీ వైపే చూస్తున్నారు. అమ్మ చేతులు ఆగాయి. "అది ఇప్పుడు పిల్లకెందుకండి" అంది. ఆ మాటతోనే నాకు అర్థమైంది, అమ్మకు తెలిసింది ఏదో నాకు తెలియకుండా ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఉందని.

నాన్న లేచి టీవీ కట్టేసి, మళ్లీ కూర్చుని చెప్పారు.

ఎనభైల మొదట్లో ఒక ఎన్నిక. రేపల్లె అవతల ఒక ఊళ్లో నాన్న ప్రిసైడింగ్ ఆఫీసరు. ఊరి పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ముందురోజు సాయంత్రమే బ్యాలెట్ పెట్టెలతో వెళ్లి, పోలింగు జరిగే బడిలోనే పడుకున్నారు. తెల్లవారగానే ఊరి పెద్ద ఇంటి నుంచి మంచాలూ, వేణ్ణీళ్లూ, ఆ వెనక ఉప్మా, కాఫీ వచ్చాయి. నాన్నా, మిగతా సిబ్బందీ, కానిస్టేబులూ కూడా తిన్నారు. పది దాకా పోలింగు బాగానే నడిచింది. తర్వాత ఆరుగురు మనుషులు వచ్చారు. అందరూ చదువుకున్నవాళ్లలాగే ఉన్నారట. ఒకతను నాన్నకు నమస్కారం పెట్టి, మాస్టారూ, ఎండగా ఉంది, కాసేపు వెనక వరండాలో కూర్చోండి అన్నాడట.

"కూర్చున్నారా?" అన్నాను.

"కూర్చున్నానమ్మా. బ్యాలెట్లు చెల్లాలంటే వెనక ఉండాల్సిన నా సంతకాలు అంతకుముందే పెట్టి ఉంచాను. వాళ్లకి నాతో పనేం లేదు."

లోపల ముద్రలు గుద్దుతున్న చప్పుడు ఆయనకు వినపడుతూనే ఉంది. అయిపోయాక ఆ మనిషే వచ్చి, రండి మాస్టారూ అని పిలిచి కుర్చీ తుడిచి మరీ వేశాడు. వరసలో ఇంకా ఊరి బయటి పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు నిలబడే ఉన్నారు. అందరికంటే ముందున్న ముసలావిడ బల్ల దగ్గరికొచ్చింది. నీ ఓటు అయిపోయిందని పోలింగు గుమాస్తా చెప్పాడు. ఆవిడ ఎడమచెయ్యి నాన్న ముందు పెట్టి, నా వేలికి సిరా లేదు కదయ్యా అంది.

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఏం చేశారు నాన్నా?"

"సిరా పెట్టాను," అన్నారు. "నేనే, నా చేత్తో పెట్టాను. ఇంకేమీ తోచలేదు. ఆవిడ వేలు చూసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం పైవాళ్లకు పంపే డైరీలో పోలింగు ప్రశాంతంగా జరిగిందని రాసి సీలు వేశాను."

ఆ ఎన్నిక నాకు గుర్తుంది. నేను పదో తరగతిలో ఉన్నాను. నాన్నను రేపల్లె రైలెక్కించడానికి అన్నయ్యా నేనూ స్టేషనుకు వెళ్లాం. మూడో రోజు తిరిగొచ్చి, జ్వరం అని రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు. అమ్మ గంజి కాచి ఇచ్చింది. నేను క్లాసులో అందరికీ మా నాన్న ఎలక్షన్ జరిపించొచ్చారని చెప్పుకున్నాను. ఆ వేసవిలో ఆయనే నాకు పరీక్షకు ఓటుహక్కు పాఠం చదివించారు.

ఆ రాత్రి కోపం ఆయన మీదో, దాచిన అమ్మ మీదో, ఏళ్లు గడిచినా ఇంకా 'పిల్ల'గానే ఉన్న నా మీదో తెలియలేదు. సెలవులు అయ్యేదాకా నాన్నతో అవసరమైన మాటలే మాట్లాడాను. ఆయనా కదిలించలేదు.

బాపట్ల వచ్చాక అభిప్రాయం రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. నా గళ్ల పుస్తకంలో ఉన్నవన్నీ కత్తులూ, అరుపులూ. సీరియల్లో ఆ ప్రిసైడింగ్ ఆఫీసర్ని చూసి పిల్లలు భయపడతారని నేను రాసుకున్నాను. అసలు భయం వేరే ఉంది. చెడ్డవాళ్లు కత్తులతోనే వస్తారని నమ్మే పిల్ల, నమస్కారం పెట్టి వచ్చినవాణ్ని పోల్చుకోలేదు. చివరికి నాలుగు వాక్యాలు రాశాను. తొమ్మిది, పది తరగతుల వాళ్లు చూడవచ్చు. చిన్నవాళ్లకు వద్దు. ఒక టీచరు పక్కన కూర్చోవాలి. అయ్యాక అరగంట పిల్లలతో మాట్లాడాలి.

హెడ్‌మిస్ట్రెస్ చదివి, మీరు కాదంటారనుకున్నానే అన్నారు. అప్పుడు జరిగినదంతా ఆమెకు చెప్పేశాను. "మీ నాన్నగారి సంగతి మాత్రం కాయితం మీద పెట్టకండి" అన్నారు. పాస్టరుగారికి ఆమే జవాబు రాశారు. ఆయనకు నచ్చలేదు. కూతుర్ని సీరియల్ వేళకు ప్రార్థన గదిలో కూర్చోబెట్టమన్నారు. ఆ అమ్మాయి తర్వాతి గురువారాలన్నీ అక్కడే కూర్చుంది. అందుకు నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మొదటి గురువారం సీరియల్ అయ్యాక పిల్లలతో మాట్లాడుతూ, నాకు తెలిసిన ఒక మాస్టారి కథ అని మొదలుపెట్టాను. వరండా, ముద్రల చప్పుడు, ముసలావిడ, సిరా, అన్నీ చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారనుకున్నాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. భట్టిప్రోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఎప్పుడూ వెనక కూర్చునే పిల్ల, లేచి నిలబడింది.

"మా అమ్మ ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదండి. వేలికి మాత్రం సిరా పెట్టించుకుని వస్తది. లేకపోతే ఓటుకి రాలేదేంటని పొలంలో ఆసాములు అడుగుతారండి."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. నేను ఏం చూడదగిందో, ఏం చూడకూడదో గళ్లు గీసి తూచింది ఈ పిల్లల కోసమా? పదిహేనేళ్ల పిల్లకు తన ఇంట్లోనే తెలిసిన సంగతి నాకు ఇరవై ఏడేళ్లకు తెలిసింది.

ఆ అమ్మాయి ఇంకా కూర్చోలేదు. ఆ మాస్టారు మర్నాడైనా పైవాళ్లకు ఎందుకు చెప్పలేదండి అని అడిగింది.

నాకు తెలియదన్నాను. ఇక దాచడం నావల్ల కాలేదు. "ఆయన మా నాన్న. అడిగి వచ్చి చెప్తాను" అన్నాను. ఆ పిల్ల నెమ్మదిగా కూర్చుంది.

శనివారం పాసింజరు ఎక్కి తెనాలి వెళ్లాను. నాన్న పెరట్లో గులాబీ మొక్కకు పాదు తీస్తున్నారు. పిల్లలకు చెప్పేశానని చెప్పాను. ఎవరి సంగతో కూడా చెప్పానన్నాను. ఆయన గునపం పక్కన పెట్టారు. కోప్పడతారనుకున్నాను.

"ఏమన్నారు?" అని అడిగారు.

ఆ అమ్మాయి ప్రశ్న చెప్పాను. నాన్న గట్టు మీద కూర్చుని చేతుల మట్టి దులుపుకున్నారు.

"భయపడ్డానని చెప్పు. నన్నెవరూ బెదిరించకుండానే భయపడ్డానని చెప్పు. తర్వాత సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతో ఇంకో పదేళ్లు పాఠాలు చెప్పాను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదమ్మా."

అమ్మ కాఫీ తెచ్చింది. ముగ్గురం గట్టు మీదే కూర్చుని తాగాం. ఆయన పక్కన అంత దగ్గరగా కూర్చుని నాకు నెల దాటింది. తర్వాతి గురువారం ఆ జవాబు ఉన్నదున్నట్టు పిల్లలకు చెప్పాను. వెనక వరసలోంచి ఆ అమ్మాయి నా వైపే చూస్తూ విని, "సరేనండి" అంది.