తలుపు రాని తెల్ల బండి

ఆ కాలంలో మా దిక్కు మనిషి నిలదొక్కుకున్నాడని చెప్పడానికి ఇంటి ముందు ఒక పికప్ బండి ఉంటే చాలనుకునేవాళ్లం. సర్కారు గొర్రెలు పంచిన తర్వాత సంతలకు పోయే జీవాలు పెరిగాయి. కిరాయి బండ్లు దొరకడం కష్టమైంది. నలుగురు మగవాళ్లు కూర్చుంటే మాటలు ఇంజన్ల మీదికి, టైర్ల మీదికి పోయేవి. నేనప్పుడు చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించేవాణ్ణి. ఇంటికి వస్తే నా చొక్కా వాసనకు మా కుక్క మొరిగేది (గుర్తుపట్టి మొరిగేదో, పట్టలేక మొరిగేదో ఇప్పటికీ తెలియదు). ఆ పని మానేసి బండి నడుపుకుంటానని బాపుతో చెప్పాను. లైసెన్సు కొత్తగా వచ్చింది, దాన్ని కూడా చూపించాను. బాపు దానిమీద ఉన్న నా ఫొటోను చాలాసేపు చూసి, "ఫొటోలనే భయపడుతున్నవ్ కదరా" అన్నాడు.

మా ఇంట్లో బాపు ముందు గొంతు పెంచి మాట్లాడే మనిషి ఒక్కడే, మా అక్క భర్త. "నేను సుత పొత్తుల ఉంట మామా. ఇద్దరం కలిసి కొంటం. వాడు నడుపుతడు, నేను పక్కన కూసోని తిడుత" అని బావ నా తరఫున నిలబడ్డాడు. అమ్మకానికి ఉన్న పాత బండ్లు రెండు చూసి వచ్చాం. ఒకటి తెల్లది, ఒకటి నీలిది. ఏది మంచిదో మాకు తెలియలేదు. అమ్మేవాళ్లకు మాత్రం రెండూ మంచివే. బాపు ఆ మాటలేవీ వినలేదు. "మన గొర్లనే చెరిసగం ఎక్కియ్యున్రి. గుట్ట ఎక్కియ్యున్రి. ఎక్కినంక నీళ్ల ట్యాంకర్ కట్టి గుంజియ్యున్రి. ఏ బండి గెలిస్తె అది కొందాం. ఏదీ గెలువకపోతె నువ్వు మళ్ల ఫ్యాక్టరీకే పో" అన్నాడు. గొర్రెను కొనేటప్పుడు వెన్ను నొక్కి, పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి కొనే మనిషి బాపు. బండిని నడిపించకుండా కొంటాడని మేమెందుకు అనుకున్నామో తెలియదు.

మా ఊరి వెనక గుట్ట మీదికి పోయే బాటంతా కంకర. మలుపు దగ్గర ఒక పక్క బండరాయి, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనాన్నే నేను రాత్రంతా చూస్తూ పడుకున్నాను. మరునాడు తెల్ల బండి యజమాని తాళం మా చేతికిచ్చి రాకుండా ఊరుకున్నాడు. నీలి బండి యజమాని మాత్రం భుజాన తువ్వాల వేసుకొని స్వయంగా వచ్చాడు. నీలి బండి బావ నడుపుతాడు, పక్కన దాని యజమాని. తెల్ల బండి నేను నడుపుతాను, పక్కన బాపు. (బాపు నీలి బండిలో కూర్చుంటే బాగుండునని నేను కోరుకున్న మాట నిజం.)

గొర్రెలను సగం సగం ఎక్కించాం. చివరికి మందను నడిపించే మేకపోతు మిగిలింది. దాన్ని బావ సర్పంచ్ అనేవాడు. ముందు నడుస్తుంది, ఎటు పోతుందో దానికే తెలియదు, అయినా అందరూ దాని వెంటే పోతారని అతని లెక్క. నీలి బండిలో తోక దగ్గర కొంచెం జాగా ఉంటే దాన్ని అక్కడే, వెనక తలుపుకు కట్టేశాడు. నీలి బండి ముందు బయలుదేరింది, వెనక నేను. సర్పంచ్ మెడలో గంట మోగుతూ పోతుంటే నా బండిలోని గొర్రెలన్నీ ఒకటే అరుపు. అరుస్తూ ఆ గంట దిక్కుకు తోసుకొచ్చి, నా క్యాబిన్ వెనక ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అద్దంలో చూస్తే బండి వెనక సగం ఖాళీ. నేను దాన్ని చూశాను గానీ పట్టించుకోలేదు. నా కళ్లు మలుపు మీద ఉన్నాయి.

నీలి బండి మలుపు దాటి సాఫీగా ఎక్కింది. నా బండి మలుపు దగ్గరకొచ్చి ఆగింది. ఫస్ట్ గేరులో ఎంత తొక్కినా వెనక టైర్లు కంకర చిమ్ముతున్నాయి తప్ప కదలడం లేదు. పైనుంచి నీలి బండి యజమాని చప్పట్లు కొట్టాడు. "ట్యాంకర్ ఎందుకే? గీ తెల్ల దాన్నే గుంజుత సూడున్రి!" అని మోకు తెచ్చి రెండు బండ్లనూ కట్టాడు. "జర మెల్లగ" అని నేను అన్న మాట నాకే వినిపించలేదు. బావ గేరు వేశాడు. మోకు బిగిసింది, నా బండి రెండడుగులు కదిలింది. అంతలోనే మోకు తెగింది.

బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. "మామా, దిగు! దిగు మామా!" అని బావ పైనుంచి అరిచాడు. బాపు దిగలేదు. ముందుకే చూస్తూ, "కాలు బ్రేక్ మీదున్నదా?" అని మెల్లగా అడిగాడు.

"ఉన్నది బాపూ."

"మరి వణుకుతున్నదేంది?"

"అది వణుకుతది బాపూ. కానీ ఉన్నది."

టైర్లు ఇంకా కొంత జారి, ఏమీ లేని ఆ పక్కకు చాలా దగ్గరగా వచ్చి ఆగాయి. హ్యాండ్ బ్రేక్ లాగాను. బావ పరుగున దిగివచ్చి టైరు వెనక రాయి పెట్టి, నా ముఖం చూసి, "బామ్మర్దీ, ఫొటోల కంటె ఇప్పుడే బాగున్నవ్" అన్నాడు.

గొర్రెల అరుపుకు ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. వాటి నోరు మూయించడానికి బావ పోయి సర్పంచ్‌ను పట్టుకొచ్చి, నా బండి తోక దగ్గర కట్టేశాడు. అంతే, మంద మొత్తం వెనక్కి కదిలింది. బండి తోక కిందికి కుంగింది. నేను భయం భయంగా క్లచ్ వదిలాను. బరువు టైర్ల మీద పడినట్టుంది, బండి గుర్రుమంటూ మలుపు ఎక్కింది. పైన ఎక్కులోనే ఆగి ఉన్న నీలి బండిని దాటి పోయాను. గంట వినబడగానే అందులోని గొర్రెలు ముందుకు తోసుకున్నాయి. బావ మళ్లీ ఎక్కి గేరు వేస్తే, ఇప్పుడు దాని టైర్లు కంకర చిమ్మడం మొదలైంది. యజమాని తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

తాతల కాలం నుంచి గొర్లు కాసిన ఇంటివాళ్లం. మోసే బరువు ఆలోచించాం, గేర్లు ఆలోచించాం, గొర్రెలు గొర్రెల్లాగే ఉంటాయన్నది ఒక్కటే ఆలోచించలేదు. "అంటే ఏ బండి గెలిచినట్టు?" అన్నాడు బావ. "సర్పంచ్ గెలిచిండు" అన్నాడు బాపు. అంటే నాకు మళ్లీ ఫ్యాక్టరీ డ్రమ్ములే అనుకున్నాను. బావ తలుపు తీస్తే బాపు దిగి, బండి చుట్టూ ఒకసారి చూసి, తెల్లదే తీసుకుందామన్నాడు.

"నీలిది గుంజింది కద మామా?"

"గుంజేటివి మస్తు దొరుకుతయి. ఇది ఆగింది."

"ఆగింది బండి గాదు మామా, నీ కొడుకు కాలు."

"గందుకే" అన్నాడు బాపు.

బాపు నన్ను నమ్మి దిగకుండా కూర్చున్నాడని బావ ఊరంతా చెప్పుకొస్తానన్నాడు. బాపు దాన్ని అక్కడే ఆపేశాడు. "దిగుదామనే అనుకున్న. ఆ తలుపు లోపలికెళ్లి రాలే."

నిజంగానే లోపలినుంచి రాదు. దిగాలంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తెరుచుకోవాలి. తర్వాతి ఏళ్లలో బావ ఆ సీట్లో కూర్చొని ప్రతి సంతకూ వచ్చాడు. చెప్పినట్టే తిట్టాడు. దిగిన ప్రతిసారీ చెయ్యి బయటపెట్టి, తలుపును, అమ్మినవాణ్ణి, నన్ను వరుసగా అనేవాడు. బావ పోయి రెండు వానకాలాలు దాటాయి.

బండి ఇంకా నడుస్తోంది. వెనక తలుపుకు కట్టేది ఇప్పుడు సర్పంచ్ సంతతిని. వార్డు మెంబరు అని దానికి బావే పేరు పెట్టి పోయాడు. గుట్ట మలుపు దగ్గర నా కుడికాలు ఇప్పటికీ ఒకసారి వణుకుతుంది. ఇన్నేళ్ల డ్రైవర్ని, సిగ్గులేదా అని నవ్వుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్లు తలుపు రాక తంటాలు పడి, ఎందుకు బాగుచేయించవని అడుగుతారు. చేయిస్తా అంటాను. బండి ఆపి, దిగి, అటు తిరిగి పోయి నేనే తెరుస్తాను.