మరమనిషికి తేమ శాతం

ఆదివారం. దసరా సెలవుల్లో ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండు గంటలు. మబ్బుగా ఉంది, వాన లేదు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, కోడలు (వంటింటి గుమ్మంలో నిలబడి), కలిదిండి నుంచి వచ్చిన మా బావమరిది, మనవరాలు. విషయం: జపాను మరమనిషి సీరియలు, మూడు ఎపిసోడ్లు.

మూడేళ్ళ కిందటి నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఆ కింద రాసినది చదివితే రాసినవాడు నేనేనా అని ఇప్పటికీ అనుమానం వస్తుంది.

ఆ రోజుల్లో నాకు కొలవడం చేతకాని వస్తువు ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుకునేరు, కాదు. పదవీ విరమణ చేసిన కొత్తలో. రిటైర్మెంటుకి కూడా ఒక కుర్రతనం ఉంటుందని ఎవరూ చెప్పరు. ఉద్యోగమంతా ధాన్యం నాణ్యత చూడటంతోనే గడిచింది. ఉండి ఊరి చుట్టుపక్కల కళ్ళాల్లోనూ, మా తాడేపల్లిగూడెం మిల్లుల్లోనూ బస్తాలోకి గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, నూక ఎంత, మట్టిబెడ్డ ఎంత, తేమ ఎంత అని తేల్చేవాణ్ణి. తేమ పదిహేడు శాతం దాటిందా, బస్తా వెనక్కి. ఎదురుగా ఉన్నవాళ్ళు ఎంత బతిమాలినా పదిహేడంటే పదిహేడే. ఇంట్లో సాంబారు పలచబడినా "పదిహేడు దాటింది" అనేవాణ్ణట (ఇది మా ఆవిడ కథనం, డైరీలో ఆధారం దొరకలేదు).

ఆ ఏడే మనవరాలు ఇంటర్మీడియెట్‌లో చేరింది. బెజవాడ దగ్గర హాస్టలు కాలేజీ. అక్కడ ఫోను ఉండకూడదు, టీవీ లేదు, ఆదివారం మాత్రం వార్డెను ఫోను నుంచి పది నిమిషాలు ఇంటికి మాట్లాడనిస్తారు. అది వెళ్ళేనాటికి ఇరవై నాలుగు ఎపిసోడ్ల మరమనిషి సీరియల్లో నాలుగే చూసింది. పెట్టె సర్దుకుంటూ నన్ను పిలిచింది. (ఇంట్లో అందరూ నన్ను మీరు అంటారు. అదొక్కతే నువ్వు అంటుంది. నేనూ ఎన్నడూ దిద్దలేదు.)

"తాతయ్యా, మిగతా ఇరవై నువ్వు చూసి ఒక్కోదానికి ఒక నంబరు ఇవ్వు. దసరాకి వచ్చినప్పుడు మూడే చూడనిస్తానంది అమ్మ. ఏ మూడు చూడాలో నీ నంబర్లని బట్టే."

"కథ కూడా రాసి ఉంచనా?"

"కథ చెప్పావంటే నీతో మాట్లాడను. నంబరే. నువ్వైతే ఎవరికీ మొహమాటపడి వెయ్యవు కదా, అందుకని."

ఈ మాటతో నేను బాగా ఉబ్బిపోయాను. ఆ ఉబ్బులో, ఎక్కువ నంబరు మంచిదా తక్కువ నంబరు మంచిదా అని నేను అడగలేదు. పిల్లా చెప్పలేదు. నా వృత్తిలో అది అడగవలసిన ప్రశ్న కాదు, దాని క్లాసులో అది చెప్పవలసిన విషయం కాదు.

మర్నాటి నుంచి రోజూ ఉదయం పది గంటలకి టీవీ ముందు కుర్చీ, డైరీ, పెన్ను, నిఘంటువు. వాళ్ళు మాట్లాడేది జపాను భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, కానీ నేను సగం చదివేసరికి మాయమవుతాయి. అందుకని ఆపుతూ, చదువుతూ, మళ్ళీ నడిపిస్తూ ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడ్‌ని గంటంబావు చూసేవాణ్ణి. అయినా ఏం అర్థమైందో డైరీయే చెబుతుంది. "ఎపిసోడ్ 5: నీలం జుట్టు అమ్మాయి పెద్ద మరమనిషి ఛాతీలో కూర్చుని, సముద్రంలోంచి వచ్చిన భూతాన్ని తన్నినది. ఎపిసోడ్ 6: అదే అమ్మాయి భూతాల పక్షాన ఉన్నది. ఎందుకు మారినదో తెలియలేదు. ఎపిసోడ్ 7: ఆ అమ్మాయి తనతో తానే కూర్చుని అన్నం తినుచున్నది. వీరు కవలలు! 5, 6 సవరించవలెను."

ఒక ఉదయం మా బావమరిది వచ్చాడు. కలిదిండిలో చేపల చెరువులున్నాయి అతనికి. తెర మీద ఆ ఉక్కు ఆకారం గట్టు దిగుతుంటే చెప్పులు విప్పడం మరిచిపోయి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇదేంటండీ బావగారూ, పొక్లెయినుకి కాళ్ళొచ్చేసినియ్యి?"

"పొక్లెయిను కాదు, మరమనిషి."

"చెయ్యి చూడండి, తొట్టెలాగా లేదూ? మా చెరువు తవ్వింది ఇదేనండీ, అప్పుడు కాళ్ళు లేవంతే. డీజిలెంత తాగుద్దంటారు?"

"నిఘంటువులో అది లేదు."

"నడిపేది చిన్నపిల్లండీ! లైసెన్సు ఎవరిచ్చారండీ దీనికి?"

మా ఆవిడ కాఫీ తెచ్చి ఇద్దరినీ చూసి, "ఏవండీ, మీ ఇద్దరికీ తెలియనిదాన్ని పట్టుకుని మీరు మార్కులేస్తున్నారా?" అంది. "మార్కులు కాదు, తేమ" అన్నాను గంభీరంగా. అవును, నేను తేమే కొలుస్తున్నాను. ఒక్కటే నంబరు కావాలంటే ధాన్యంలో ప్రధానం తేమ. కొట్లాట గట్టిగా, పొడిగా నడిస్తే పన్నెండు, పన్నెండున్నర. ఏడుపులూ వీడ్కోళ్ళూ ఎక్కువైతే అంకె పైకి పోతుంది. పదిహేడు దాటితే సరుకు పనికిరాదు. ఎలా కొలిచేవాణ్ణి అంటే, నా పద్ధతి నాకుంది.

ఆదివారాల పది నిమిషాల్లో తల్లికి నాలుగు, నాన్నమ్మకి నాలుగు పోగా నాకు రెండు దక్కేవి. అందులో నేను ధాన్యం రిపోర్టులాగా చదివేవాణ్ణి. "ఎపిసోడ్ ఎనిమిది, పన్నెండున్నర. తొమ్మిది, పద్నాలుగు. పది, పదమూడు. పదకొండు, పద్దెనిమిదిన్నర." అవతల అది కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలో రాసుకునేది. "అబ్బ, పదకొండు అంత బాగుందా?" అని ఒకసారి అన్నట్టు గుర్తు. అంతలో వార్డెను ఫోను తీసేసుకున్నారు.

దసరాకి వచ్చింది. హోమ్‌వర్కు మొత్తం పూర్తయితేగాని టీవీ లేదని కోడలి షరతు. పూర్తి చేసేసరికి ఆఖరి రోజు మధ్యాహ్నమైంది. అందరం కూర్చున్నాం. అది ఆ వెనక పేజీ చింపి నా చేతికిచ్చింది. మూడు అంకెల చుట్టూ ఎర్ర సున్నాలు. ఎపిసోడ్లు పదకొండు, పదిహేడు, ఇరవై రెండు. అంటే నా తేమ లెక్కలో పద్దెనిమిదిన్నర, పందొమ్మిదిన్నర, ఇరవై ఒకటి.

ఏరి ఏరి నేను తిరస్కరించిన మూడు బస్తాలనే అది ఎత్తుకుంది. నాలుగు నెలలు ఆ మూడింటి కోసం రోజులు లెక్కపెట్టుకున్న పిల్ల. మళ్ళీ సంక్రాంతి దాకా ఇంకోటి చూడదు.

"అమ్మా, ఒక్కమాట, ఆ నంబర్లు..." అన్నాను మనవరాలితో.

"ఊరుకోండి, మొదలైపోయింది" అంది మా ఆవిడ.

పదకొండులో ఆ యంత్రానికి జ్ఞాపకం పోవడం మొదలవుతుంది. పొద్దున్నే నీలం జుట్టు అమ్మాయి ఎక్కబోతే "మీరెవరు?" అని అడుగుతుంది. ఆ పిల్ల రోజూ తన పేరు చెప్పి ఎక్కుతుంది. పదిహేడులో అమ్మాయి ఊరు విడిచి వెళ్తుంది, యంత్రం ఎవరికోసమో తెలియకుండా గట్టు మీద వానలో నిలబడి ఉంటుంది. ఇరవై రెండులో ఆమె తిరిగొస్తుంది. యంత్రానికి ఆమె గుర్తులేదు, కానీ తలుపు తెరిచే ఉంచింది. ఈసారి కథ నాకు మొదటిసారి సరిగ్గా అర్థమైంది. కోడలు చేతిలో గరిటె అలాగే ఉంది. చివరికి మా బావమరిది గొంతు సవరించుకుని, "బ్యాటరీ మార్చాల్సిందండీ దానికి, టైముకి మార్చలేదంతే" అన్నాడు.

"తాతయ్యా, నీ నంబర్లు సూపరు. ఈ మూడే చూడాలి" అంది మనవరాలు ముక్కు ఎగబీలుస్తూ.

అబద్ధపు మెప్పు నాకు అరగదు. నిజం చెప్పేశాను. పదిహేడు దాటినవి తిరస్కరణ అనీ, పన్నెండున్నరలు మేలురకం అనీ. అది నోరు తెరిచి చూసి, తరవాత సోఫాలో దొర్లి నవ్వింది.

"ఉండు ఉండు. తేమ ఎలా కొలిచావు? మిషనుందా?"

మిషను ఆఫీసులో అప్పగించేశాను. డైరీ దాని చేతికి ఇవ్వక తప్పలేదు. మొదటి పేజీలో నా పద్ధతి ఉంది: "మూలం 12. చూచుచుండగా కళ్ళజోడు తీసి తుడుచుకొనిన ప్రతిసారి అర శాతం కలుపవలెను."

అది వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇరవై రెండుకి ఇరవై ఒకటి వేశావు. అంటే పద్దెనిమిది సార్లు తుడుచుకున్నావా?"

"ఆవేళ బాగా ఉక్కగా ఉంది."

"ఉక్కేనండీ పాపం" అంది మా ఆవిడ, ఎటో చూస్తూ.

మర్నాడు పొద్దున్నే బెజవాడ రైలు. పెట్టె ఎక్కించి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. అలవాటుగా కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాను. కిటికీలోంచి అరిచింది: "తాతయ్యా, పన్నెండున్నర!" పక్కవాళ్ళు చూస్తున్నారు. రైలు కదిలింది. మళ్ళీ తుడుచుకున్నాను. "పదమూడు!" అని వినిపించింది, ఆ తరవాత చెయ్యి కనిపించింది, ఆ తరవాత అదీ లేదు. ఇంటికొచ్చి డైరీ తెరిచాను. ఏ గడీ ఖాళీగా వదిలేవాణ్ణి కాదు నేను ఏనాడూ. ఆ సోమవారం గడిలో మాత్రం ఇలా ఉంది: "తేమ: కొలవలేదు."