పన్నెండున్నరకు మూడు చప్పుళ్లు

నీళ్ల మీద ఉన్న పడవకు కాపలా ఉండాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. నేల మీద నిలబెట్టిన పడవకు కాపలా ఏమిటండీ? అయినా గల్ఫ్‌లోని షినాస్ రేవు పక్కనున్న పడవల యార్డులో భూమేశ్ డ్యూటీ అదే. నలభై నాలుగు అడుగుల యాట్, పేరు నజ్మా. దాని వయసు ముప్పై ఐదు దాటింది. నాలుగేళ్లుగా ఎనిమిది ఇనుప ఊతాల మీద, ఇసుకకు మనిషెత్తున నిలబడి ఎండుతోంది. భూమేశ్ నిచ్చెన ఎక్కి అందులోనే వండుకుంటాడు, అందులోనే పడుకుంటాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి బిల్డింగ్ పనికని వచ్చిన మనిషి, నలభై ఏళ్లదాకా సముద్రం మొహం చూడనివాడు, ఆఖరికి పడవలో కాపురం పెట్టాడు. తలరాత కాకపోతే మరేమిటి!

పాత యాట్‌ను కాపాడటం ముసలి బర్రెను సాకినట్టే. పాలివ్వదు, మేత మానదు. వారానికోసారి రెండు ఇంజన్లనూ పానా పెట్టి చేత్తో తిప్పాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టాలి. ఎండకు పగిలిన కిటికీ రబ్బర్లు మార్చాలి. పైన పరిచిన టేకు చెక్క బీటలు పడకుండా సముద్రపు నీళ్లతో కడగాలి. ఆ చెక్క అంటే భూమేశ్‌కు ప్రాణం. చేత్తో నిమురుతూ, "నువ్వు మా దిక్కుదానివే గావచ్చు" అని దాంతో మాట్లాడేవాడు. మాట్లాడటానికి ఇంకెవరున్నారు గనక?

పడవ ఓనరును అందరూ అర్బాబ్, అంటే యజమాని, అనేవారు. ఆయనది కుండలో కూడు కదలకూడదు, పిల్లలు దుడ్డుల్లా ఉండాలనే తత్వం. రిపేరుకు రూపాయి తీయడు, పడవ మాత్రం మంచి ధరకు పోవాలి. భూమేశ్‌కు ఒక మాట ఇచ్చాడు. పడవ అమ్ముడుపోయిన రోజే లీవు, చేతిలో టికెట్. ఆ మాట కోసమే భూమేశ్ మూడేళ్లుగా కళ్లలో ఒత్తులు వేసుకుని ఉన్నాడు. ఎందుకంటే అతను వచ్చిన ఐదో నెలలో కూతురు పుట్టింది. హంసిక. దానికిప్పుడు రెండున్నరేళ్లు. ఇంతవరకు ఆ పిల్లను అతను ముట్టుకోలేదు.

తండ్రి ఫోన్‌లోనే ఉంటాడని ఆ పిల్ల నమ్మకం. ఫోన్ చేసినప్పుడల్లా వేలి గణుపుతో అద్దం మీద మూడుసార్లు కొట్టి, తలుపు తట్టినట్టు, "బాపూ, లోపలున్నవా?" అని అడుగుతుంది. వెనక నుంచి భార్య సుమలత పడీ పడీ నవ్వుతుంది. భూమేశ్ కూడా నవ్వుతాడు. ఫోన్ పెట్టేశాక ఇంజన్ గదిలోకి దిగి కాసేపు ఏడుస్తాడు. ఇందులో దాచడానికేముంది!

చప్పుడు మొదలైంది పోయిన ఎండాకాలం. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నరదాకా బయట పని బంద్. యార్డులో పిట్ట కూడా ఉండదు. ఆ వేళలో ఒకరోజు, పడవ అడుగు నుంచి, ఎడమ పక్క నుంచి, దబ్... దబ్... దబ్.

ఎండకు పడవ ఫైబర్ సాగి చప్పుడు చేస్తుందని అనుకున్నాడు. నిజమే, చేస్తుంది. కానీ ఎండకు లెక్కపెట్టడం రాదు కదా! ఇదేమో రోజూ పన్నెండున్నరకే. రోజూ మూడే. నాలుగోది లేదు.

వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజు హనుమంతుణ్ని తలుచుకుని పడవ లోపలికి దిగి నేల చెక్క ఎత్తాడు. టార్చి వేస్తే పడవ పొట్టకు లోపలి వైపు, అన్నం కంచమంత సున్న. తెల్ల చాక్‌పీసుతో గీసింది. ఎవరో పాత మేస్త్రీ పెట్టిన గుర్తు అనుకుని తడి గుడ్డతో తుడిచేశాడు. మర్నాడు మళ్లీ ఉంది. థిన్నర్ పెట్టి తుడిచాడు. మళ్లీ ఉంది. ఇక ఇలా కాదని బూడిద రంగు వేసి, చెక్కకు తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. రెండు రోజులకు రంగు ఆరింది. ఆరిన రంగు మీద తెల్లగా, కొత్తగా, అదే సున్న. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తుంటే భూమేశ్‌కు ఒళ్లంతా చలి పుట్టింది. నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు.

కానీ కుమ్మరి ఇంట పుట్టినవాడు. మంచి కుండ ఏదో, చీలిన కుండ ఏదో చప్పుడును బట్టి చెప్పగలడు. తెల్లారి ధైర్యం తెచ్చుకుని కొయ్య సుత్తితో సున్న చుట్టూ తట్టాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. గట్టి పొట్ట. సున్న మధ్యలో తట్టాడు. దబ్. ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఎప్పుడో ఏ రాయికో గుద్దుకుని బొక్క పడితే, లప్పం పెట్టి, గుడ్డ అంటించి, రంగు కొట్టేశారు. పైన పటారం, లోన లొటారం. నేల మీద ఉన్నంతకాలం ఏమీ కాదు. నడిసముద్రంలో నాలుగు అలలు గట్టిగా కొడితే చాలు, ఊడి వస్తుంది.

యార్డులో క్రేన్ నడిపే రియాజ్‌ది కడప. తుడిస్తే పోని సున్న గురించి చెప్పగానే రియాజ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నా, ఆ సున్న గీసింది జిలాని. నీకంటే ముందు ఆ పడవలో ఉన్నోడు. మా రాయచోటోడే. ఎవురో బేరం వస్తే, మాటిమాటికీ ఆడ సుత్తితో కొట్టి చూపించినాడు. ఈడ బొక్క ఉంది సార్, కొనొద్దండి అన్నాడు. బేరం పాయ. వాని లీవూ పాయ."

"మల్ల యాడున్నడిప్పుడు?"

"యాడుంటాడన్నా? రెండు నెలలకు, మట్టమద్యానం, ఆ పడవ అడుగునే పడి ఉండినాడు. గుండె ఆగిపాయ. చేతిలో సుత్తి పట్టుకోనే ఉండాడు. నేనే కిందికి దించినా."

ఆ రోజు నుంచి చప్పుడు వినిపించగానే భూమేశ్ "సలాం భాయ్" అనేవాడు. భయం పోయిందనుకునేరు, పోలేదు. భయంతో సంసారం చేయడం అలవాటైంది, అంతే.

శ్రావణం వచ్చిందని ఊరి నుంచి సుమలత చెప్పిన వారంలోనే బేరం వచ్చింది. నిజ్వా ఊళ్లో హెడ్మాస్టరుగా రిటైరైన హిలాల్ అనే పెద్దమనిషి. తెల్ల గడ్డం, మెత్తటి మాట. తన బడిలో పనిచేసిన ఇండియా టీచర్ల దగ్గర హిందీ నేర్చుకున్నాడట, భూమేశ్‌తో హిందీలోనే మాట్లాడాడు. కొండల మధ్య పుట్టి పెరిగాడు, మిగిలిన రోజులు భార్యతో కలిసి నీళ్ల మీద ఉండాలని కోరిక. పాపం, పడవల సంగతి ఆయనకు ఓనమాలు రావు. మంచం చూశాడు, పొయ్యి చూశాడు, ఇత్తడి దీపం చూసి మురిసిపోయాడు. కొనేముందు తెలిసిన ఇంజనీరుకు చూపించుకోవాలని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. అర్బాబ్ ఎందుకు చెబుతాడు?

భూమేశ్ మాత్రం ఒక పని చేశాడు. కుండలమ్మే అతని తండ్రి ఒక నియమం పెట్టుకున్నాడు. అమ్మేటోడు కుండ కొట్టి చూపియ్యద్దు, కొనేటోడే కొట్టి చూసుకోవాలె. చీలిన కుండ ఎంచుకున్నాడా, అది వాడి కర్మ. ఆ నియమాన్ని అడ్డం పెట్టుకుని కొయ్య సుత్తి తెచ్చి హిలాల్ చేతికిచ్చాడు. "మీరే కొట్టి చూసుకోండి" అన్నాడు. ఆయన చిన్నపిల్లాడిలా పడవ పై భాగమంతా కొట్టి చూశాడు. అంతటా ఠంగుమంది. "చాలా గట్టిది!" అన్నాడు. భూమేశ్ ఔననలేదు, కాదనలేదు. అబద్ధం ఆడలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

అర్బాబ్ కాగితాలు తెస్తానని ఆఫీసుకు వెళ్లాడు. హిలాల్ లోపల సోఫాలో కూర్చున్నాడు. సరిగ్గా ఆయన కాళ్ల కిందే ఆ నేల చెక్క. గోడ గడియారం పన్నెండూ ఇరవై ఐదు చూపిస్తోంది. భూమేశ్ కళ్లు దాని మీదే ఉన్నాయి. ఇంకో ఐదు నిమిషాల్లో చప్పుడవుతుంది. ఈయన వింటాడు, ఏమిటని అడుగుతాడు, చెక్క ఎత్తుతాడు. చెప్పేది జిలాని, నేను కాదు. అర్బాబ్ నన్నేమంటాడు? ఇలా లెక్క వేసుకున్నాడు.

పన్నెండున్నర అయింది. చప్పుడు లేదు.

పన్నెండూ ముప్పై ఐదు. నలభై. పడవంతా గుడ్డ కప్పినట్టు నిశ్శబ్దం. ఫ్యాన్ చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. ఏడాదిగా ఒక్కరోజు తప్పని చప్పుడు ఆరోజే తప్పింది.

"ఇక్కడ ఉయ్యాల కడతాను," అన్నాడు హిలాల్, కాళ్ల కింది చెక్కను చూపిస్తూ. "మనవరాలికి రెండేళ్లు. సెలవులకు తెచ్చుకుంటాం. నీకు పిల్లలున్నారా?"

భూమేశ్ వంగి, తాళం తీసి, ఆయన్ను పక్కకు జరగమని చెక్క ఎత్తాడు. టార్చి వేశాడు. సున్న లేదు. తను వేసిన బూడిద రంగు నున్నగా, శుభ్రంగా మెరుస్తోంది. చప్పుడు లేదు, గుర్తు లేదు. ఇప్పుడు చెక్క మూసేస్తే తను తప్పు చేసినట్టు లోకంలో ఎవ్వరికీ తెలియదు. ఎల్లుండికి మెట్‌పల్లిలో ఉండొచ్చు. ఈసారి చెప్పే పనిని జిలాని తన మీదికే వదిలేశాడని భూమేశ్‌కు అప్పుడు అర్థమైంది. అంత భయం అతనికి ఆ చప్పుడు విన్నప్పుడు కూడా వేయలేదు.

హిలాల్ చేతిలోంచి భూమేశ్ సుత్తి తీసుకున్నాడు. తండ్రి నియమం తప్పి, తనే కొట్టాడు. ఠంగ్. ఠంగ్. తర్వాత ఆ చోట. దబ్.

"ఇక్కడ బొక్క ఉంది సాబ్. పిల్లను తీసుకురాకండి."

పెద్దమనిషి చాలాసేపు ఆ చోటే చూశాడు. తర్వాత రెండు చేతులతో భూమేశ్ చెయ్యి పట్టుకున్నాడు. నిచ్చెన దిగి, కారెక్కి వెళ్లిపోయాడు.

అర్బాబ్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. చివరి మాట మాత్రం చెప్పాలి. "లీవ్ ఖలాస్! ఇంకో బేరం వచ్చేదాకా ఆ లోపలే పడి ఉండు!" సాయంత్రం రియాజ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "తెలిసి తెలిసీ చెప్తివి కదన్నా," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు మధ్యాహ్నం భూమేశ్ ఎత్తిన చెక్క పక్కనే, పడవ అడుగున కూర్చున్నాడు. చేతిలో సుత్తి ఉంది. తను దాన్నెప్పుడు తీసుకున్నాడో గుర్తు లేదు. పన్నెండున్నర అయింది. ఏమీ వినిపించలేదు. జిలాని వెళ్లిపోయాడు. లీవు దొరికినవాడిలా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తన చోటు భూమేశ్‌కు ఖాళీ చేసిపెట్టి వెళ్లాడు.

ఫోన్ మోగింది. ఎత్తాడు. సిగ్నల్ సరిగా లేక బొమ్మ రాలేదు, అద్దమంతా నలుపు. ఆ నలుపు లోంచి వేలి గణుపు చప్పుడు. టక్, టక్, టక్.

"బాపూ, లోపలున్నవా?"

ఉన్నానని చెప్పాలనుకున్నాడు భూమేశ్, మాట రాలేదు. పిల్ల మళ్లీ తట్టింది, మళ్లీ అడిగింది. అప్పుడతని చెయ్యి దానంతటదే లేచింది. ఆ చోటే వెతుక్కుని సుత్తితో కొట్టింది.

దబ్... దబ్... దబ్.

అవతల పిల్ల కేరింతలు కొడుతూ తల్లి దగ్గరికి పరుగెత్తడం వినిపించింది.

"అవ్వా! అవ్వా! బాపు లోపల్నే ఉన్నడే!"